కిరాయి పెరిగింది, ఇల్లు మారాలా?

"వచ్చే నెల నుంచి ఇంకో రెండు వేలు కలిపి ఇవ్వండి, లేదంటే రూము ఖాళీ చేయండి." హైదరాబాద్ పడమటి వైపు బస్తీల్లో కిరాయికి ఉండేవాళ్లలో ఈ మాట విననివాళ్లు తక్కువ. విన్న రాత్రి నిద్ర పట్టదు. తెల్లారేసరికి కొల్లూరు వైపో, పటాన్‌చెరు దాటో చవకగా ఎక్కడ దొరుకుతుందని బంధువులకు ఫోన్లు మొదలవుతాయి. ఆ ఫోన్లు చేసే ముందు భార్యాభర్తలు ఓ గంట కూర్చుని ఒక లెక్క వేసుకోవాలి. ఆ లెక్క వేయకుండా ఇల్లు మారిన కుటుంబాల్లో చాలావాటికి ఆదా అయిన కిరాయి కంటే పోయిన సంపాదనే ఎక్కువ.

ముందు, కిరాయి ఎందుకు ఇంతలా పెరుగుతోందో అర్థం చేసుకోవడం మంచిది. అప్పుడే ఓనరుతో ఏం మాట్లాడాలో తెలుస్తుంది. 1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమైనప్పుడు మాదాపూర్ ఒక ఊరు. ఆ తర్వాత వచ్చిన ఆఫీసులకు కాపలా కాసేవాళ్లు, తుడిచేవాళ్లు, వండేవాళ్లు, కార్లు నడిపేవాళ్లు అంజయ్య నగర్, సిద్ధిఖ్ నగర్, బోరబండ లాంటి చోట్ల చిన్న చిన్న గదుల్లో సర్దుకున్నారు. యాభై అరవై గజాల జాగాలో రేకుల ఇల్లు, ముందు ఒక నల్లా, పక్కన ఇంకో కుటుంబం. ఇప్పుడు అదే జాగాలో నాలుగైదు అంతస్తులు లేపి హాస్టల్ పెడుతున్నారు. ఒక కుటుంబం ఉండే గదిలో నాలుగు మంచాలు వేస్తే మంచానికి ఇంతని నలుగురి దగ్గర వసూలవుతుంది. కుటుంబం ఇచ్చే కిరాయి దానికి సాటి రాదు. అంటే మీరు పోటీ పడుతున్నది పక్కింటి కుటుంబంతో కాదు, నాలుగు మంచాలతో. ఓనరు చెడ్డవాడు కానక్కర్లేదు, బ్యాంకు వాయిదాలు కట్టాల్సిన మనిషి కావచ్చు. కానీ అతని ఇంటి నిర్మాణం ఎలాంటిదో చూస్తే మీకు ఎంత గడువు ఉందో తెలిసిపోతుంది. రేకుల ఇల్లు, పాత ఒక్క అంతస్తు ఇల్లు అయితే కూల్చి కట్టే రోజు దగ్గర్లోనే ఉంటుంది. ఇప్పటికే అపార్ట్‌మెంటుగా కట్టి కుటుంబాలకే ఇస్తున్న ఇల్లయితే నాలుగేళ్లు నిలదొక్కుకునే వీలుంది.

ఇక లెక్క. ఉదాహరణకు ఒక జంటను తీసుకుందాం. భర్త మాదాపూర్‌లో ఒక ఆఫీసు దగ్గర సెక్యూరిటీ డ్యూటీ. భార్య దగ్గర్లోని మూడు ఫ్లాట్లలో పని, ఇంటికి నాలుగు వేల చొప్పున పన్నెండు వేలు. కిరాయి తొమ్మిది వేలు ఉండేది, పదకొండు వేలు అడుగుతున్నారు. కొల్లూరు వైపు ఆరు వేలకు దొరుకుతుందని తెలిసింది. పైకి చూస్తే నెలకు ఐదు వేలు మిగులు. భర్త బండి మీద రానూపోనూ రోజుకు 45 కిలోమీటర్లు అనుకుంటే, 26 డ్యూటీలకు 1,170 కిలోమీటర్లు. లీటరుకు 45 ఇచ్చే బండికి 26 లీటర్ల పెట్రోలు. లీటరు 107 అనుకుంటే 2,800 దాకా అవుతుంది. భార్యకు బస్సు ఉచితమే, కానీ బస్సు మారి గంటన్నర ప్రయాణం. పొద్దున ఆరున్నరకు చేరాల్సిన ఇల్లు ఆమె వదులుకోవాలి. నాలుగు వేలు పోయాయి. పెట్రోలు, పోయిన పని కలిపితే 6,800. ఐదు వేలు మిగులుతుందని వెళితే నెలకు పద్దెనిమిది వందలు నష్టం. టెంపో ఖర్చు, కొత్త అడ్వాన్సు, సామాను సర్దడానికి పోయిన డ్యూటీలు ఇంకా ఇందులో కలపలేదు. రోజుకు మూడు గంటలు రోడ్డు మీద పోయిన ఆడమనిషి అలసటకు ధర కట్టే పద్ధతి మనకు లేదు కనుక దాన్నీ కలపలేదు.

ఈ లెక్కలో గమనించాల్సిన సంగతి ఒకటుంది. ఇద్దరి సంపాదనలో ఏది ఆ చోటును అంటిపెట్టుకుని ఉంది? సెక్యూరిటీ, హౌస్ కీపింగ్ డ్యూటీలను ఏజెన్సీవాళ్లు ఒక సైటు నుంచి ఇంకో సైటుకు మార్చగలరు. ఇళ్లలో పని, ఇస్త్రీ, టైలరింగు, టిఫిన్ బండి, పిల్లలకు ట్యూషన్లు అలా మారవు. తాళం చెవి చేతికిచ్చి ఆఫీసుకు వెళ్లే నమ్మకం ఏళ్ల మీద పుడుతుంది, కొత్త చోట మళ్లీ మొదటి నుంచి కట్టుకోవాలి. కాబట్టి చోటుకు అతుక్కున్న సంపాదన ఎవరిదో వాళ్లకు దగ్గరగా ఇల్లు చూసుకోండి. రెండో వాళ్లు సైటు మార్పు అడగాలి. మన ఇళ్లలో దీన్ని తలకిందులు చేస్తారు. మగవాడి డ్యూటీ చుట్టూ ఇల్లు తిప్పి, ఆడమనిషి పనులు పోయినా "మళ్లీ దొరుకుతాయిలే" అంటారు. పై లెక్కలో ఇంటికి పన్నెండు వేలు తెస్తున్నది ఆమె అని మరవకండి. ఇద్దరూ కంపెనీ బస్సు వచ్చే ఫ్యాక్టరీలోనే పనిచేస్తుంటే లెక్క తిరగబడుతుంది, దూరం పోవడమే లాభం కావచ్చు. అందుకే పక్కింటివాళ్లు వెళ్లారని వెళ్లొద్దు.

దూరం ఏం చేస్తుందో ప్రభుత్వ ఇళ్లలోనే చూడవచ్చు. 2023 జూన్‌లో కొల్లూరులో 15,660 డబుల్ బెడ్‌రూం ఇళ్ల కాలనీని ప్రారంభించారు. ఒక్కోటి 560 చదరపు అడుగులు. పైసా కిరాయి లేని సొంత ఇల్లు, పేదవాడికి అంతకంటే ఏం కావాలి? కానీ నగరం నడిబొడ్డున పని చేసుకుని బతికే కుటుంబానికి ఇల్లు ఔటర్ రింగ్ రోడ్డు అంచున వస్తే, పొద్దున పని ఎక్కడ అన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. దీనికి భిన్నంగా, 2015లో సికింద్రాబాద్ ఐడీహెచ్ కాలనీలో పాత ఇళ్లు తీసేసి అక్కడే 396 ఇళ్లు కట్టి, ఆ మనుషులకే ఇచ్చారు. పని, బడి, ఆసుపత్రి ఏదీ మారలేదు. నా మట్టుకు పేదవాళ్ల ఇల్లంటే ఐడీహెచ్ పద్ధతే. ఇల్లు కేటాయించేటప్పుడు చోటు ఎంచుకునే వీలు ఏమాత్రం ఉన్నా, కొత్తదనం కంటే పనికి దూరమెంతో చూసి ఎంచుకోండి.

తప్పనిసరిగా మారాల్సి వస్తే రోడ్డు వెంట కాకుండా రైలు గీత వెంట వెతకండి. లింగంపల్లి నుంచి ఫలక్‌నుమా వైపు వెళ్లే ఎంఎంటీఎస్ దారిలో చందానగర్, హఫీజ్‌పేట, హైటెక్ సిటీ, బోరబండ, భరత్ నగర్, ఫతేనగర్ స్టేషన్లు వరసగా ఉన్నాయి. స్టేషన్‌కు నడిచి వెళ్లగలిగే బస్తీలో గది దొరికితే మ్యాపులో దూరంగా ఉన్నా పనికి దగ్గరే. సీజన్ పాసు బండి పెట్రోలులో చిన్న వంతు. అయితే రైళ్లు తరచుగా ఉండవు. కాబట్టి గది చూసుకునే ముందే మీ డ్యూటీ ఎక్కే వేళకు, దిగే వేళకు రైలు ఉందో లేదో స్టేషన్‌లో కనుక్కోండి. రాత్రి పదింటికి డ్యూటీ దిగేవాళ్లు ఆఖరి రైలు టైము తెలియకుండా అడ్వాన్సు ఇవ్వకూడదు. నాగోల్ నుంచి రాయదుర్గం దాకా మెట్రో ఉంది, వేళకు వస్తుంది కానీ 2025 మే నెలలో ఛార్జీలు పెరిగాక రోజూ తిరిగేవాళ్లకు భారమే. తెలంగాణ ఆడవాళ్లకు 2023 డిసెంబరు నుంచి సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఛార్జీ లేదు. డబ్బు మిగిలింది, టైము మిగల్లేదు. అందుకని బస్సు మారాల్సిన పని లేకుండా ఒకే బస్సు వెళ్లే దారిలో ఇల్లు చూసుకోవడం మేలు.

వెళ్లిపోవడానికి ముందు ఓనరుతో ఒకసారి తీరిగ్గా మాట్లాడండి. కోపంలో కాదు, నెలాఖరున అంతకంటే కాదు. అయిదో తారీఖున కిరాయి చేతిలో పెట్టేటప్పుడు మాట్లాడితే మాటకు బరువుంటుంది. మీ దగ్గర ఉన్న బలం ఏమిటంటే, గది ఒక నెల ఖాళీగా ఉంటే అతనికి ఒక నెల కిరాయి మొత్తం పోతుంది. రెండు వేలు పెంచితే ఆ నష్టం పూడటానికి నెలలు పడుతుంది. "అన్నా, ఇన్నేళ్లలో ఒక్క నెల ఆలస్యం చేయలేదు. ఇప్పుడు వెయ్యి పెంచుతా, వచ్చే ఏడు ఇంకో ఐదు వందలు పెంచుతా, రెండేళ్లు కదిలించొద్దు" అని అడిగి చూడండి. పెంపును ఒకేసారి కాకుండా విడతలుగా ఒప్పించడం చాలాసార్లు కుదురుతుంది. ఒప్పుకున్నది కాగితం మీద పెట్టించుకోండి. పెయింటింగ్ పేరుతో అడ్వాన్సులో ఒక నెల కోసుకోవడం మన ఊళ్లో మామూలైపోయింది. అదీ అప్పుడే తేల్చుకుని రాయించండి. గోడలకు ఎలాంటి మచ్చలున్నాయో చేరిన రోజే ఫోన్‌తో ఫొటోలు తీసి ఓనరుకు వాట్సాప్‌లో పంపితే ఖాళీ చేసేటప్పుడు గొడవ సగం తగ్గుతుంది.

కాగితం గురించి ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, మనల్ని కాపాడే కిరాయి చట్టం ఉందని చాలామంది ధైర్యంగా ఉంటారు. 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం ఉన్నమాట నిజమే. కానీ 2005 సవరణ తర్వాత కార్పొరేషన్ ప్రాంతాల్లో నెలకు 3,500 రూపాయలు దాటిన కిరాయిలు దాని కిందకు రావు. ఈ రోజుల్లో 3,500కు ఎక్కడ గది దొరుకుతుంది? అంటే మీ కిరాయికి చట్టం గీసిన పరిమితి ఏమీ లేనట్టే. కేంద్రం 2021లో తెచ్చిన నమూనా చట్టంలో ఇంటికి అడ్వాన్సు రెండు నెలలు మించకూడదని ఉంది కానీ, అది నమూనా మాత్రమే. రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటేనే చెల్లుతుంది. ఇక మిగిలింది మీరు, ఓనరు రాసుకున్న ఒప్పందమే. మామూలుగా దాన్ని పదకొండు నెలలకు రాసుకుంటారు. అందులో కిరాయి, అడ్వాన్సు, ఖాళీ చేయమనడానికి ఎన్ని నెలల ముందు చెప్పాలి, నీళ్లు, కరెంటు ఎవరు కట్టాలి అన్నవి ఉంటే చాలు. రెండు నెలల నోటీసు రాయించుకోగలిగితే అదే పెద్ద రక్షణ. ఏమీ రాసుకోకపోతే నెలవారీ కిరాయిదారుకు చట్టం ఇచ్చేది పదిహేను రోజుల నోటీసే. కిరాయి ఎప్పుడూ ఫోన్‌పేలోనో, గూగుల్‌పేలోనో వేసి, ఏ నెలదో రాయండి. నోటు చేతిలో పెడితే సాక్ష్యం ఉండదు.

గది చూడటానికి వెళ్లినప్పుడు అందరూ చూసేవి నీళ్లు, గాలి, బాత్రూం. మీరు మీటరు కూడా చూడండి. ఆ గదికి విద్యుత్ శాఖ ఇచ్చిన సొంత మీటరు ఉందా, లేక ఓనరు మీటరు నుంచి వైరు లాగి పెట్టిన సబ్ మీటరా? 2024 మార్చి నుంచి అమల్లో ఉన్న గృహజ్యోతి పథకంలో అర్హులైన కుటుంబాలకు 200 యూనిట్ల దాకా బిల్లు లేదు, కిరాయికి ఉండేవాళ్లకూ వర్తిస్తుంది. అయితే రేషన్ కార్డును ఆ ఇంటి సర్వీస్ నంబరుతో జత చేయించాలి. సబ్ మీటరు గదికి సొంత నంబరే ఉండదు. పైగా ఓనరు యూనిట్‌కు ఇంతని తన లెక్కలో వసూలు చేస్తాడు. రెండు గదుల కిరాయి ఒకటే అయినా సొంత మీటరు ఉన్నది నెలకు కొన్ని వందలు చవక.

ఇంకోటి చూడండి, ఇది ప్రాణాలకు సంబంధించింది. 2024 నవంబరులో సిద్ధిఖ్ నగర్‌లో పక్క స్థలంలో పునాదికి గుంత తవ్వుతుంటే ఇరుకు జాగాలో కట్టిన అంతస్తుల భవనం ఒకటి పక్కకు ఒరిగింది. లోపల ఉన్నవాళ్లు ప్రాణాలు అరచేత పట్టుకుని బయటికి పరుగెత్తారు. తర్వాత ఆ భవనాన్ని కూల్చేశారు. పక్కన ఖాళీ జాగా ఉండి, అక్కడ జేసీబీ కనిపిస్తే ఆ గది వద్దు. ఇప్పటికే ఉంటున్న ఇంటి పక్కన తవ్వకం మొదలై, గోడ మీద కొత్త పగులు కనిపిస్తే ఓనరు కోసం చూడకుండా మున్సిపల్ కార్పొరేషన్‌కు ఫిర్యాదు చేయండి.

ఓనరు కోపంతో తాళం వేసినా, సామాను బయట పడేసినా అది చట్టం ఒప్పుకునే పని కాదు. కోర్టు ఉత్తర్వు లేకుండా ఉంటున్న మనిషిని బలవంతంగా వెళ్లగొట్టే అధికారం ఓనరుకు లేదు. అలా వెళ్లగొడితే ఆరు నెలల్లోపు సివిల్ కోర్టుకు వెళ్లి మళ్లీ స్వాధీనం కోరవచ్చు. వకీలుకు ఇవ్వడానికి డబ్బు లేదంటారా? జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ప్రతి జిల్లా కోర్టు ప్రాంగణంలో ఉంటుంది. ఆడవాళ్లకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా అక్కడ ఉచితంగా వకీలును ఇస్తారు.

పనిచేసే చోట కూడా అడగాల్సినవి ఉన్నాయి. రాత్రి షిఫ్టుల్లో ఆడవాళ్లతో పనిచేయించే సంస్థ రవాణా ఏర్పాటు చేయాలన్నది దానికిచ్చే అనుమతిలో షరతు. ఆఫీసు ఉద్యోగులకు క్యాబ్ ఇచ్చి, అదే వేళకు దిగే హౌస్ కీపింగ్ వాళ్లను "మీరు కాంట్రాక్టర్ మనుషులు" అని వదిలేయడం ఎంతమాత్రం న్యాయం కాదు. ఒక్కరు అడిగితే పక్కన పెడతారు. ఒకే దారిలో ఉండే ఆరేడుగురు పేర్లు, దిగే చోట్లు రాసి, సూపర్‌వైజరుకు కాదు, ఆ సంస్థ అడ్మిన్ విభాగానికి కాగితం ఇవ్వండి. పోయే క్యాబ్‌లో ఖాళీ సీట్లుంటాయి, దారి కలిస్తే ఇవ్వడానికి వాళ్లకు ఖర్చేమీ లేదు. ఆదాయపు పన్ను కట్టేంత జీతం ఉన్నవాళ్లు పాత పన్ను విధానంలో ఉంటేనే కిరాయి మీద మినహాయింపు వస్తుందని గుర్తుంచుకోండి. కిరాయి ఏడాదికి లక్ష దాటితే ఓనరు పాన్ నంబరును మీరు కంపెనీకి ఇవ్వాలి. కిరాయి పెరిగిన ఏడాది పాత, కొత్త విధానాల్లో ఏది మేలో మళ్లీ లెక్క చూసుకోవాలి.

"ఈ కిరాయిల బాధ పడలేం, అప్పు చేసైనా సొంతది కొందాం" అనుకునే దశ ప్రతి ఇంటికీ వస్తుంది. మంచిదే, కానీ మోసపోయేదీ ఇక్కడే. ప్రీలాంచ్ ఆఫర్ పేరుతో పునాది కూడా పడని ఫ్లాటుకు సగం ధర అంటూ వచ్చేవాళ్లను గడప దగ్గరే ఆపండి. 500 చదరపు మీటర్లు లేదా ఎనిమిది ఫ్లాట్లు దాటిన ప్రాజెక్టు రెరాలో (స్థిరాస్తి నియంత్రణ సంస్థలో) నమోదు కాకుండా అమ్మకూడదు, ప్రకటన కూడా ఇవ్వకూడదు. రిజిస్టర్ చేసిన అగ్రిమెంటు లేకుండా పది శాతం మించి తీసుకోకూడదు. ఈ రెండూ గుర్తుంటే చాలామటుకు గండం గడిచినట్టే. బస్తీల్లో నోటరీ కాగితం మీద అమ్మే ఇళ్లు చవకగా ఉంటాయి, కానీ నోటరీతో హక్కు మారదు, బ్యాంకు అప్పు రాదు. చెరువు పక్క జాగా అయితే హెచ్ఎండీఏ చెరువుల మ్యాపులో ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండితే నీళ్లు వచ్చే హద్దు), బఫర్ హద్దులు చూడకుండా ఒక్క రూపాయి ఇవ్వొద్దు. 2024 జులైలో చెరువుల ఆక్రమణలు తొలగించే హైడ్రా సంస్థ వచ్చాక ఆ హద్దుల్లో కట్టినవి ఏమయ్యాయో టీవీలో చూశారు. కూల్చేటప్పుడు ఇల్లు పోయేది కొన్నవాళ్లకే అయినా, అడ్వాన్సు పోయి కిరాయిదారులు కూడా రోడ్డున పడతారు.

నిజంగా కొనే స్థితి ఉంటే ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ 2.0 గురించి బ్యాంకులో అడగండి. కుటుంబ ఆదాయం ఏడాదికి 9 లక్షలు దాటకూడదు, దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు ఉండకూడదు. ఇంటి విలువ 35 లక్షల లోపు, అప్పు 25 లక్షల లోపు ఉంటే మొదటి 8 లక్షల మీద నాలుగు శాతం వడ్డీ రాయితీ, మొత్తం 1.80 లక్షల దాకా విడతలుగా వస్తుంది. కడుతున్న ఫ్లాటు 45 లక్షల లోపు, కార్పెట్ ఏరియా 60 చదరపు మీటర్ల లోపు ఉంటే జీఎస్‌టీ ఒక శాతమే, దాటితే అయిదు. ఆ ఫ్లాటు ఎక్కడుందో మాత్రం పైన వేసిన పెట్రోలు లెక్కతో మళ్లీ చూడండి. కిరాయి గదిని వదిలి వెళ్లవచ్చు, ఇరవై ఏళ్ల వాయిదా ఉన్న ఇంటిని వదలలేరు.

బస్తీలో సొంత గుడిసె, చిన్న ఇల్లు ఉన్నవాళ్ల సంగతి వేరు. 2024 సెప్టెంబరులో మూసీ ఒడ్డున తీసేయాల్సిన ఇళ్లకు గుర్తుగా అధికారులు గోడల మీద ఎర్ర రంగుతో ఆర్‌బీ-ఎక్స్ అని రాసి వెళ్లినప్పుడు, ఇంటి పన్ను రసీదులు, పాత కరెంటు బిల్లులు వెతుక్కోవడానికి ఎంత కంగారు పడ్డారో అక్కడివాళ్లకు తెలుసు. ఇంటి నంబరు ఉన్న ప్రతి కాగితం ఇప్పుడే ఫొటో తీసి రెండు ఫోన్లలో పెట్టుకోండి. ప్రభుత్వం చట్టప్రకారం భూసేకరణ చేస్తే 2013 చట్టంలో పట్టణంలో మూడేళ్లకు పైగా అక్కడ నివసిస్తున్న కుటుంబాలు కూడా బాధిత కుటుంబాల కిందకు వస్తాయి. కిరాయికి ఉంటున్నవాళ్లు తమకు సంబంధం లేదనుకుని సర్వే రోజు ఇంట్లో లేకపోతే పేరు ఎక్కదు. ఆ రోజు డ్యూటీ మానుకుని అయినా ఉండండి.

రోడ్డు వెడల్పు చేసి ఫుట్‌పాత్‌లు వేసేటప్పుడు మొదట కదిలించేది టిఫిన్ బండ్లను, పండ్ల బండ్లను. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం సర్వే పూర్తయి సర్టిఫికెట్లు ఇచ్చేదాకా ఎవరినీ తొలగించకూడదు, తర్వాతైనా ముప్పై రోజుల నోటీసు ఇవ్వాలి. కార్పొరేషన్ ఇచ్చే గుర్తింపు కార్డు చేతిలో ఉంటే ఈ హక్కును గట్టిగా అడగవచ్చు. బండి పెట్టుకున్నవాళ్లు సర్కిల్ ఆఫీసులో కార్డు సంగతి ఈ వారమే కనుక్కోండి.

అన్ని లెక్కలూ చూసి, మారడమే మేలని తేలితే పిల్లల పరీక్షలయ్యాక, ఏప్రిల్, మే నెలల్లో మారండి. మధ్యలో మారాల్సి వచ్చినా భయపడకండి. ఎనిమిదో తరగతి లోపు పిల్లలను టీసీ ఆలస్యమైందని ప్రభుత్వ బడి చేర్చుకోనంటే అది విద్యాహక్కు చట్టానికి విరుద్ధం. రేషన్ తెలంగాణలో ఏ షాపులోనైనా తీసుకోవచ్చు, కార్డు మార్పు కోసం తొందర పడక్కర్లేదు. ఈఎస్ఐ ఉన్నవాళ్లు మాత్రం కొత్త ఇంటికి దగ్గరి డిస్పెన్సరీకి వెంటనే మార్పించుకోండి, జ్వరమొచ్చిన రోజు పాత చోటికి పరుగెత్తాల్సిన పని ఉండదు. ఓటును ఫారం 8తో మార్చుకోవచ్చు. పాత ఓనరు దగ్గర అడ్వాన్సు మిగిలి ఉంటే, ఎంత కోసుకుని ఎంత ఇస్తున్నాడో మెసేజ్‌లో రాయించుకుని, డబ్బు అకౌంటులో పడ్డాకే తాళం చెవి ఇవ్వండి.